అచ్చియమ్మ చేతి సల్ది

అచ్చియమ్మ మామ్మ ఇప్పుడు చెంచాతో అన్నం తింటుంది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వీధికి ఇది చిన్న సంగతి కాదు. మా వీధిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలవాళ్ళు. హిందీలో బేరమాడతాం, హిందీలోనే తిట్టుకుంటాం, ఏడుపొస్తే మాత్రం తెలుగులో ఏడుస్తాం. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. అన్నం చేత్తో కలుపుకోవడం మాత్రం ఎవరూ మరిచిపోలేదు. అందులో మామ్మది పేరున్న చెయ్యి. నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో వీధి పిల్లలందరినీ వాకిట్లో గుండ్రంగా కూచోబెట్టి, పెద్ద బేసినులో ఆవకాయన్నం కలిపి, ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కో ముద్ద పెట్టేది. ఇంట్లో అన్నం వద్దని మొండికేసినవాళ్ళమే ఆ ముద్ద కోసం తోసుకునేవాళ్ళం. "ఓలి గుంటా, నీ వొంతు అయిపోనాది, ఎనక్కెల్లు!" అని నన్ను ఎన్నిసార్లు పట్టుకుందో. గుంట అంటే మా వాళ్ళ మాటలో ఆడపిల్ల.

ఆ చెయ్యి ఇప్పుడు పళ్ళెంలో పడదు. ఎడమచేత్తో తినడం ఎలాగూ కుదరదు కాబట్టి కుడిచేత్తో చెంచా పట్టుకుంటుంది. మనవరాలికి అన్నం పెట్టమంటే గిన్నె ముందుకు జరిపి, "నువ్వే తినమ్మా" అంటుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు "దొరసాని మామ్మ" అని నవ్వుతారు. మామ్మ కూడా వాళ్ళతో పాటు నవ్వుతుంది. సంగతి తెలిసిన మేం మాత్రం నవ్వలేం.

మామ్మ పుట్టింది ఈ కాలనీలోనే. తండ్రి గ్యాంగ్‌మన్. పెళ్ళాడింది గూడ్సు గార్డు అమ్మన్నని. తాత డ్యూటీకి బయలుదేరితే ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదు. బొగ్గు బండి ఏ లూపు లైన్లో ఆగిపోతే ఆ ఎండలోనే ఆయన తిండి. గార్డులు బండిలో వెంట పెట్టుకెళ్ళే లైన్ బాక్సులోకి మామ్మ పాలన్నం కట్టి ఇచ్చేది. ముందే పెరుగు కలిపితే ఎండకి పుల్లబడి నోట పెట్టలేరు. అందుకని మెత్తటి అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, వేలికొనతో ఒక్క చుక్క మజ్జిగ తోడు వేసి, పిసికి మూత పెట్టేవాళ్ళు. తినే వేళకి డబ్బాలోనే అది కమ్మటి పెరుగన్నం అయ్యేది. ఇది రైల్వే ఇళ్ళ ఉపాయం. దీన్ని మామ్మకి నేర్పింది అసిరమ్మ.

ఆమె అమ్మన్న తాతకి పెద్దమ్మ వరస. మామ్మ ఆమెని అత్త అనే పిలిచేది. పెద్దావిడ. మామ్మకి వంట, పురిటి స్నానం, పేకాట, తిట్లు అన్నీ ఆమె దగ్గరే వచ్చాయి. వాటన్నిటికంటే పెద్దది ఇంకొకటి కూడా ఆమె నుంచే వచ్చింది: అమ్మవారి సల్ది కలిపే హక్కు.

గూడ్సు యార్డు అవతల, లెవెల్ క్రాసింగు దాటాక, మా పెద్దవాళ్ళు కట్టుకున్న చిన్న అమ్మవారి గుడి ఉంది. వైశాఖంలో ఆమెకి పండగ. ముందు రోజు సాయంత్రం అన్నం వండి, మట్టి ఘటంలో నీళ్ళు పోసి ఉంచుతారు. తెల్లవారాక నీళ్ళు వంచేసి, పాలూ పెరుగూ కలిపి, పసుపు గుడ్డా వేపమండలూ కప్పి, డప్పులతో ఊరేగించి తీసుకెళ్ళి అమ్మవారి ముందు పెడతారు. ఎండల్లో అమ్మవారి ఒళ్ళు కాగిపోతుందట. చల్లటి చద్ది తింటేనే ఆమె శాంతిస్తుందట. దాన్నే మా వాళ్ళు సల్ది అంటారు. ఊళ్ళో అయితే పుల్లటి తరవాణి నీళ్ళలో నానిన సల్ది. ఇక్కడి పిల్లలు ఆ పులుపుకి మొహం చిట్లిస్తున్నారని అసిరమ్మ కాలంలోనే అమ్మవారి సల్దికి కూడా లైన్ బాక్సు పద్ధతి వచ్చేసింది. పాలు ఎక్కువ, తోడు చుక్క.

సల్దిని గరిటెతో కలపకూడదు. ఒక్క ఆడమనిషి, ఉపవాసంతో, తడిచీరతో, చేత్తో కలపాలి. కలిపినామె రుచి చూడకూడదు. ఆ చేతికి ఉంగరం, దారం, గుడ్డ ఏదీ ఉండకూడదు. కట్టు కట్టిన చెయ్యి మైల చెయ్యి. అసిరమ్మ కాళ్ళు పడిపోయి మంచం పట్టిన ఏడు మామ్మని పిలిచి, "ఇక నీదేనే ఈ సెయ్యి" అని తన అరచేతిని మామ్మ అరచేతికి రాసిందట. అప్పట్నుంచీ మా వీధికి సల్ది చెయ్యి అంటే అచ్చియమ్మే.

ఇదంతా జరిగిన ఏడాది, పండగకి కొన్నాళ్ళ ముందు మామ్మ ఆవకాయకి కాయలు కొడుతుంటే కత్తిపీట చూపుడువేలి మీద దిగింది. పెద్ద దెబ్బ కాదు. కానీ ఉప్పూ, మామిడి జీడీ తగిలి వేలు వాచింది, చీము పట్టింది. కోడలు రాజశ్రీ పసుపు అద్ది గుడ్డ చుట్టింది.

పండగ నాటి పొద్దున స్నానమయ్యాక మామ్మ ఆ గుడ్డ విప్పేసింది.

"అత్తా, ఇంకా పచ్చిగానే ఉన్నాది. ఈసారికి నాను కలపనా?" అంది రాజశ్రీ.

"నీకు సెయ్యి ఎవరిచ్చినారే? అమ్మకి కట్టు సెయ్యి సూపిస్తానేటి?" అని మామ్మ పసుపునీళ్ళలో చెయ్యి ముంచి, ఘటంలో మోచేతి దాకా దించింది. పాలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. వేలు మండిందట. మండినందుకు అమ్మవారికి దండం పెట్టుకుందట.

ఊరేగింపు బయలుదేరింది. క్రాసింగు దగ్గర గేటు పడింది. ఆ రోజు బొగ్గు బండ్లు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయి. ఒకటి గేటు మీదే నిలబడిపోయింది. డప్పులవాళ్ళు అలిసి కూచున్నారు. ఘటం వేపమండల కింద, ఎండలో, అలాగే ఉంది. గేటు లేచి, గుడి చేరి, పూజ అయ్యి, ప్రసాదం పంచేసరికి మిట్టమధ్యాహ్నం. అందరం దొన్నెల్లో తిన్నాం. నేనూ తిన్నాను. చల్లగా, కమ్మగా, రోజూ తినే పెరుగన్నం కంటే బాగుంది. ఇది నాకిప్పటికీ గుర్తుంది. ఏ తేడా లేదు.

మామ్మ తను తినకముందే అసిరమ్మ వాటా కొంగు చాటున పెట్టుకుని వాళ్ళింటికి పరిగెత్తింది. మంచంలో ఉన్న పెద్దావిడ చల్లటిది తింటే దగ్గు పడుతుంది, నమలలేదు. అందుకని ఆ సల్దిని చిన్న అల్యూమినియం గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, శొంఠి నూరి కలిపి, సలసల మరగబెట్టి, జావలా చేసి తాగించింది. అసిరమ్మ మొత్తం తాగింది. తాగి, నోరు చప్పరించి, "ఇంకొంచెం పొయ్యే" అంది. మామ్మ గిన్నె వంచి అడుగున ఉన్నది కూడా పోసింది.

ఆ పొద్దు ఇంకా తిరగకముందే వీధిలో వాంతులు మొదలయ్యాయి. ముందు పిల్లలు, తర్వాత పెద్దలు. ఏ ఇంటి గుమ్మం చూసినా ఎవరో ఒకరు బకెట్టు మీద వంగి ఉన్నారు. సాయంత్రానికి చాలామందికి తగ్గిపోయింది. నీరసం తప్ప ఏమీ మిగల్లేదు. అసిరమ్మ ఒంట్లో వాంతి చేసుకునే ఓపిక కూడా లేదు. ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు. మర్నాడు తెల్లవారి ఆమె పోయింది.

శవం వాకిట్లో ఉండగానే వీధి చివర సైకిలు గంట వినబడింది. ఊరి అంచునున్న లింగియాడీహ్ నుంచి రోజూ పాలు తెచ్చే ఫిరంతా. అతనికి ఏం జరిగిందో తెలియదు. అసిరమ్మ కొడుకు సన్యాసిరావు లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, మాట పెద్దదే గాని ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. ఆ పొద్దు మాత్రం లేచి వెళ్ళి, "పాలల్లో ఏటి కలిపినావురా!" అని ఫిరంతాని చెంప మీద కొట్టాడు. పాల క్యాన్లు తన్నాడు. పాలు కాలువలోకి పోయాయి. ఫిరంతా చేతులు జోడించి ఏదో చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. మర్నాటి నుంచి మా వీధంతా ప్యాకెట్టు పాలే.

మామ్మ ఆ గలాటా అంతా అరుగు మీద నుంచి చూసింది. అప్పుడామె మనసులో ఉన్నది ఒక్కటే మాట. తర్వాత తనే నాకు చెప్పింది. "అందరూ సల్లటిది తిన్నారు, బతికినారు. అత్తకి నాను మరగబెట్టినాను. మరగబెట్టినదాంట్లో ఏటుంటాది? అత్త సల్ది వల్ల పోలేదు. వొయసై పోనాది." ఆ మరిగిన జావ మామ్మకి అండ అయింది. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. "సలసలా మరిగిందమ్మా, నా కళ్ళారా సూసినాను."

తర్వాత ఆస్పత్రి ల్యాబు నుంచి జ్యోతిర్మయి వచ్చింది. తోర్వా పేటలో ఉండే మన తెలుగు పిల్లే, మా వీధి ఆడపడుచు. ఘటం అడుగున మిగిలిన మెతుకులు గీకి సీసాలో వేసుకుంది. సల్ది పనిలో ఉన్న వాళ్ళందరి ముక్కుల్లో, చేతుల మీద దూది పుల్లలు రాసి తీసుకెళ్ళింది.

మామ్మ వేలు మానడం లేదని కొన్నాళ్ళకి నేనే స్కూటీ మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కట్టు కట్టించుకుని బయటికి వస్తుంటే జ్యోతిర్మయి వరండా చివరికి పిలిచింది. అటూ ఇటూ చూసుకుంది.

"అత్తా, ఇది నేను చెప్పకూడదు. కానీ నువ్వు ఊరంతా తిరిగి మరగబెట్టాను, మరగబెట్టాను అంటున్నావట."

"మరి మరగబెట్టలేదేటి?"

"మరగబెట్టావు. అచ్ఛా, దేఖో. నీ వేలి పుండులో ఒక క్రిమి ఉంది. ఆ మెతుకుల్లో కూడా అదే. అది అందరి ఒంటి మీదా ఉంటుంది, నా ముక్కులో కూడా ఉంటుంది. ఊరికే ఉంటే ఏం చెయ్యదు. పాలన్నం దొరికింది, వెచ్చగా ఉంది, గేటు దగ్గర అంతసేపు ఎండ. పెరుగు పుల్లబడేలోపే అది పెరిగిపోయింది. పెరుగుతూ పెరుగుతూ అన్నంలోకి విషం వదిలింది."

"మరగబెడితే పురుగు సావదా?"

"క్రిమి చస్తుంది అత్తా. అది వదిలిన విషం చావదు. ఎంత మరగబెట్టినా మిగులుతుంది. రంగుండదు, వాసనుండదు, రుచి మారదు."

మామ్మ తన చేతిని చూసుకుంది. తెల్లటి కొత్త కట్టు.

"పాలల్లో ఉండొచ్చు కదా?" అని నేనే అడిగాను.

"అవే క్యాన్ల పాలు గేటు అవతలి వీధిలో కూడా పోశాడు. కనుక్కున్నాను. అక్కడ ఒక్కరికీ ఏమీ కాలేదు." జ్యోతిర్మయి మామ్మ భుజం మీద చెయ్యి వేసింది. "నీ తప్పని కాదు అత్తా. మత్‌లబ్, అంటే, నీకు తెలీదు కదా."

దారిలో మామ్మ వెనక సీటులో కూచుని ఒక్క మాటే అడిగింది. "సచ్చిపోనాక కూడా ఉంటాదంటేటే గుంటా? సచ్చినోల్లకి ఉంటాది గానీ, పురుగుకి కూడా ఉంటాదేటి?"

నేను హారన్ కొట్టాను.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు మామ్మకి కష్టమయ్యాయి. మే నెల మధ్యాహ్నం మా వీధిలో మనుషులుండరు. తలుపులు మూసి, కూలర్లు పెట్టుకుని పడుకుంటారు. యార్డులో షంటింగు కూడా మందగిస్తుంది. ఆ నిశ్శబ్దంలో మామ్మకి నోరు చప్పరించిన శబ్దం వినిపించేది. తర్వాత, "ఇంకొంచెం పొయ్యే." కోపంగా కాదు. తృప్తిగా. అదే ఆమెని నిలబడనిచ్చేది కాదు. తిట్టినా బాగుండేదని నాతో అంది.

ఒకరోజు ఆ వేళకి రాజశ్రీ లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి మీద ఆ అల్యూమినియం గిన్నె ఉంది. అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. మరిగి మరిగి ఇగిరిపోతున్నాయి. మామ్మ చెంగుతో చెమట తుడుచుకుంటూ తొంగి చూస్తోంది.

"ఏటత్తా ఇది? ఖాళీ నీళ్ళేటి మరిగిస్తున్నావు?"

"ఎంతసేపటికి పోతాదో సూస్తన్నాను."

"ఏటి పోతాది?"

మామ్మ ఇంకో చెంబుడు నీళ్ళు పోసింది. రాజశ్రీ భయపడి నాకు ఫోను చేసింది. నేను వెళ్ళేసరికి గిన్నె అడుగు నల్లబడింది. రాజశ్రీ స్టవ్ కట్టేసి, మామ్మని పట్టుకుని ఏడుస్తోంది. మామ్మ ఏడవడం లేదు. "నిప్పుకి కాలనిది ఉంటాదని మా అత్త నాకు సెప్పలేదే" అంది. అంతే.

ఆ సాయంత్రమే వీధిలో ఆడవాళ్ళ దగ్గర ఉన్నదంతా చెప్పేసింది. చీము పట్టిన వేలు, విప్పేసిన కట్టు, జ్యోతిర్మయి మాటలు. అందరినీ అరుగు మీద కూచోబెట్టి మరీ చెప్పింది. మొహాన ఉమ్మేస్తారనుకుంది.

వాళ్ళు ఊరుకోబెట్టారు. "ఊరుకో అప్పా, దిష్టి తగిలింది." "అమ్మకి కోపమొచ్చింది, వొచ్చే ఏడు కోడిని కోద్దాం." చివరింటి సింహాచలం అయితే, "నీ సేతిలో అంత ఇసముంటే సెప్పలేదేటి, మా ఆయనకి రోజూ నీ సేతే ఎట్టించీదాన్ని!" అంది. అందరూ పగలబడి నవ్వారు. మామ్మ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసింది. ఒక్కరిలోనైనా అసహ్యం కనిపిస్తుందేమోనని వెతికినట్టుంది. తర్వాత లేచి సన్యాసిరావు ఇంటికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. వెనకే వెళ్ళాను.

ఆయన వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. పక్కన అసిరమ్మ మంచం, పరుపు తీసేసి, గోడకి ఆనించి ఉంది.

"రా వదినా. ఏటిలాగొచ్చినావు?"

"బాబూ, అత్తని పొట్టన ఎట్టుకున్నది పాలోడు కాదు. నాను. నా ఏలి పుండు."

సన్యాసిరావు ముందు నవ్వాడు. "ఆ జ్యోతి గుంట నీకేటో ఎక్కించింది. మరగబెట్టినావు కాదేటి?"

"అదే నానూ అనుకున్నాను. మరగబెడితే పోదట."

"ఎండకి పోనాది మా అమ్మ. వొయసుకి పోనాది."

"మరి పాలోడినెందుకు కొట్టినావు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. కుర్చీ చేతుల మీద వేళ్ళు బిగిశాయి.

"వదినా, నువ్వు సెప్పింది నిజమైతే, మా అమ్మ శవం వాకిట్లో ఉండగా నాను ఒక మడిసిని ఊరికే కొట్టినట్టు. ఆడు సేతులు జోడించినాడు. నాను సూసినాను, సూసీ కొట్టినాను. నువ్వు నీ బరువు దించుకోడానికొచ్చి నా నెత్తినెడతావేటి?"

"దించుకోడానికి కాదు బాబూ."

"మరేటికి?"

"ఆడు ఇప్పటికీ దొంగే కదా మన ఈదికి. రేపు లింగియాడీ ఎలతాను. నువ్వొస్తావో రావో నీ ఇష్టం."

"నాను రాను. ఎలిపో వదినా, ఎలిపో." ఆయన గోడవైపు తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున్న నా స్కూటీ మీద లింగియాడీహ్ వెళ్ళాం. ఇప్పుడది పల్లె కాదు. కొత్త ఇళ్ళు, సిమెంటు బస్తాలు, సగం వేసిన రోడ్డు. ఫిరంతా ఇల్లు అడిగి కనుక్కున్నాం. గేదెల పాక ఖాళీగా ఉంది. కుడితి తొట్టి బోర్లించి ఉంది. గేదెలు కట్టే గుంజ పక్కనే ఒక ఇ-రిక్షా, దానికి చార్జింగు తీగ. మా వీధి మానేశాక మాట పాకి, మిగతా వీధులు కూడా పాలు మానేశాయట. గేదెల్ని అమ్మేశాడట.

మామ్మ పాక గుమ్మంలోనే నిలబడి, కూచోకుండా, హిందీలో మొత్తం చెప్పింది. తను పుట్టి పెరిగిన ఊరి భాష, తడబడలేదు. ఫిరంతా నెమ్మదిగా విన్నాడు. ఏ ఆశ్చర్యమూ కనబడలేదు.

"నాకు తెలుసు దాయీ," అన్నాడు. ఇక్కడ అమ్మని అలాగే పిలుస్తారు. "ఆ పొద్దు ఆ పాలే మా పిల్లలూ తాగారు. ఆ మాటే చెప్పాను మీ వీధిలో. ఎవరు విన్నారు?"

తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. రిక్షా తీగ ఊడదీసి, చుట్టి పెట్టాడు.

అప్పుడే అతను రోడ్డు వైపు చూశాడు. నేనూ చూశాను. అవతలి వైపు, సగం కట్టిన గోడ నీడలో సన్యాసిరావు బండి మీద కూచుని ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు. దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు.

ఫిరంతా భార్య టీ తెచ్చింది. ఫిరంతా ఒక గ్లాసు తీసుకుని, రోడ్డు దాటి వెళ్ళి, సన్యాసిరావు ముందు పట్టుకున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. మాట్లాడుకున్నారని కూడా చెప్పలేను. కాసేపటికి ఇంజను చప్పుడు ఆగింది. సన్యాసిరావు గ్లాసు అందుకున్నాడు.

మామ్మ టీ గ్లాసు ఎడమచేత్తో తీసుకుంది. ఫిరంతా భార్య అది గమనించింది.

"కా హోగే దాయీ?" అంది, ఏమైందమ్మా అని. మామ్మ కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పటికి పుండు మానిపోయింది. సన్నటి గీత మిగిలింది. "కుఛూ తో నఇ హే," అంది, ఏమీ లేదు కదా అని.

"ఆ రోజు అన్నంలోనూ చూస్తే ఏమీ లేదమ్మా," అని మామ్మ హిందీలో అని, చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

మామ్మ ఆ మధ్యాహ్నం నుంచే అన్నంలో చెంచా వేసుకుంది.

మరుసటి వైశాఖం వచ్చింది. పండగ ముందు పెద్దలు మామ్మ ఇంటికి వచ్చి, "సల్ది సెయ్యి నీదే, ఇంకెవరిదీ కాదు" అని బొట్టు పెట్టి వెళ్ళారు. వాళ్ళు ఆమెని ఓదారుస్తున్నామనుకున్నారు. మామ్మ సరే అంది.

పండగ పొద్దున తడిచీరతో వచ్చింది. ఘటం సిద్ధంగా ఉంది, పాలు చల్లారాయి. మామ్మ కుడిచేతికి మణికట్టు నుంచి వేళ్ళ చివరల దాకా పసుపు గుడ్డ చుట్టి ఉంది.

"అదేటి అప్పా, సెయ్యికేటయ్యింది?" అని సింహాచలం ముందుకొచ్చింది.

"తెగింది."

"ఎక్కడ? సూడనీ. విప్పు. సిన్నదైతే పరవాలేదు, పసుపునీళ్ళు ఎడదాం."

మామ్మ విప్పలేదు. చెయ్యి గుండెకి ఆనించుకుంది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, "నిన్న బాగానే ఉన్నాది కదా" అన్నారు. అప్పుడు సన్యాసిరావు డప్పులవాళ్ళ మధ్య నుంచి లేచి వచ్చాడు.

"మా వదిన సెయ్యి తెగింది. నాను సూసినాను," అన్నాడు గట్టిగా. "కట్టు సెయ్యి ఘటంలో ఎట్టకూడదు. రాజశ్రీ కలుపుతాది."

అసిరమ్మ కొడుకే అలా అన్నాక ఆడవాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు.

రాజశ్రీ వచ్చి నిలబడింది. మామ్మ ఎడమచేత్తో కోడలి రెండు చేతులూ తిప్పి, గోళ్ళ చివరలూ, వేళ్ళ సందులూ వెలుతురులో చూసింది. తర్వాత తన సంచిలోంచి మరిగించిన నీళ్ళతో కడిగిన కొత్త చెక్కతెడ్డు తీసి ఇచ్చింది. గరిటెతో కలపడం ఏమిటని గుసగుసలు లేచాయి, తగ్గాయి. పెరుగు చుక్క కాదు, గిన్నెడు పోయించింది. అమ్మవారికి దొన్నెడు తీసి, మిగిలినది ఊరేగింపు కదలకముందే అక్కడికక్కడే పంచేయమంది. పుల్లగా ఉందని పిల్లలు మొహం చిట్లించారు. సన్యాసిరావు అందరికంటే ముందు దొన్నె పట్టాడు.

డప్పులు కదిలాయి. అందరూ గేటు వైపు వెళ్ళారు. మామ్మ వెళ్ళలేదు. ఖాళీ అయిన మా వీధిలో అరుగు మీద కూచుంది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి ఆమె పెదాలు కదలడం చూశాను. ఎవరో ఇంకొంచెం పొయ్యమన్నట్టు జవాబు చెబుతోంది. "లేదత్తా," అంటోంది. "అయిపోనాదత్తా, ఇంక లేదు." అంటూ ఆ చేతి కట్టుని ఎడమచేత్తో పట్టుకుని, పళ్ళతో ముడి ఇంకొంచెం బిగించింది.